తెల్లది అన్నాడు మీ నాన్న

అతాయా, ఏప్రిల్ 4

విదాద్‌కు,

నీ పార్సెల్ అందింది. మన దీవిలో పోస్టాఫీసు పెట్టింది ఉత్తరాలు పంచడానికి కాదు, ఉత్తరాలు వచ్చిన సంగతి ఊరంతా పంచడానికి. నేను వెళ్ళేసరికి కౌంటరు దగ్గరివాడు అడిగాడు: "తిజానీ గారూ, రెండు వాచీలట కదా, ఒకటి తెల్లది ఒకటి నల్లది? ఈ వయసులో తమకు రెండు టైములెందుకండీ?" వాడి తాత కూడా ఇంతే.

నువ్వు అడిగింది నాకు అర్థమైందో లేదో సరిచూసుకోవడానికి తిరిగి రాస్తున్నాను. బతుకంతా పత్రికాఫీసులో ప్రూఫులు దిద్దినవాడిని. చదివింది అప్పజెప్పకపోతే నాకు తోచదు. మీ నాన్న ఖ్మైస్ గుండె ఈ చలికాలంలో మొరాయించింది. స్ఫాక్స్ డాక్టరు సముద్రం మానెయ్యమన్నాడు. మీ నాన్న డాక్టరును మానేశాడు. చివరికి ఇద్దరి మధ్య నువ్వు కుదిర్చిన రాజీ మీ కంపెనీ వాచీ. చూడడానికి మామూలు వాచీలాగే ముళ్ళుంటాయి. ముళ్ళ కింద గోరంత తెర ఉంటుంది. గుండె మరీ వేగం అందుకుంటే వాచీ మణికట్టు మీద వణుకుతుంది, తెర మీద అంకె పడుతుంది. అంకె చిన్నదైతే తాడు వదిలి కాసేపు కూర్చోవాలి. పెద్దదైతే నాలుక కింద మాత్ర పెట్టుకుని ఒడ్డుకు తిరగాలి. కాబట్టి వణికితే చాలదు, అంకె కనబడాలి. అదీ మన సముద్రం మీద, మోకాలి లోతు నీళ్ళు ఎండను తీసి ముఖాన కొట్టే చోట, మిట్టమధ్యాహ్నం.

అందుకని రెండు డయళ్ళు పంపి, ఎండలో నాన్న ఏది చదవగలుగుతున్నాడో రాయమన్నావు. ఆయన్నే ఫోన్‌లో అడగవచ్చు కదా అంటే, దేనికైనా "అంతా బాగుంది తల్లీ" అంటాడని రాశావు. నిజమే. పడవ మునుగుతున్నా అదే అంటాడు.

కానీ నువ్వొక సంగతి మరిచిపోయినట్టు నటిస్తున్నావు. నేనూ మీ నాన్నా మాట్లాడుకోం. మా అమ్మ పోయిన రోజు టునిస్‌లో రైలెక్కి, స్ఫాక్స్‌లో దిగి, ఓడ పట్టుకుని నేను వచ్చేసరికి ఖననం అయిపోయింది. అందరూ చేతులు కడుక్కుని బార్లీ జావ తాగుతున్నారు. మధ్యాహ్నం ఓడ దాకా ఆగమని కబురు పెట్టాను. ఆగలేదు. అప్పటి నుంచి అతనితో నేరుగా ఒక్క మాట లేదు. పక్కపక్క ఇళ్ళలో ఉంటున్నాం. మధ్య గోడకు ఏటేటా సున్నం వేస్తాం, ఎవరి వైపు వాళ్ళం.

అయినా నువ్వు అడిగావు కాబట్టి చేస్తాను. ముందు నేనే డాబా ఎక్కి చూశాను. తెల్లది చూస్తే కొత్తగా సున్నం కొట్టిన గోడను చూసినట్టుంది, కళ్ళు వాటంతటవే మూసుకుపోయాయి. నల్లది చూస్తే అద్దంలో నా ముఖం కనబడింది. ఆ ముఖం చూసుకోవడానికి ఇంత ఖరీదైన యంత్రం అక్కర్లేదు.

చెట్టు కింద ప్లీడరులా ఎవడైనా సలహా చెప్పగలడు. నేను మాత్రం చూసిందే రాస్తాను.

నీ పెదనాన్న
తిజానీ

*

బిజెర్త్, ఏప్రిల్ 12

పెదనాన్న గారికి,

మీ ఉత్తరం మధ్యాహ్నం భోజనం దగ్గర చదివాను. పక్కనున్న అమ్మాయి "ఎవరే, ప్రియుడా?" అంది. "కాదు, మా పెదనాన్న. ప్రపంచాన్ని తిడుతున్నాడు" అన్నాను. "ఇంత మురిసిపోతున్నావేంటి మరి?" అంది.

మీ డాబా పరీక్ష తప్పు కాదు. మేమూ ఇక్కడ మేడ మీద అదే చేస్తాం, కాకపోతే చేతిలో వెలుగు కొలిచే మీటరు ఉంటుంది. ఈ తెరకు సొంత వెలుగు లేదు పెదనాన్నా. ఎండ పడితేనే కనబడుతుంది. కానీ డయలు ఏ రంగుదైతే తెర కూడా అదే రంగులో కలిసిపోవాలని డిజైన్ చేసేవాళ్ళ పట్టు. తెల్ల డయలుకు తెల్ల తెర, దాని మీద నల్ల అంకెలు. నల్ల డయలుకు నల్ల తెర, తెల్ల అంకెలు. మామూలుగా ఎండలో తెల్ల మీద నల్లవే తేలతాయి. కానీ డయలు నున్నగా మెరుస్తుంటే ఆ మెరుపుకే కంటిపాప చిన్నదైపోతుంది, పక్కనున్న అంకె అందదు. నల్లదానికి ఆ మెరుపు బాధ లేదు. కానీ పైనున్న గాజు అద్దమైపోతుంది. ఏ కంటికి ఏ బాధ తక్కువో ఆ కన్నే చెప్పాలి.

మా మేనేజరు నల్లదే అంటాడు. నల్లది బాగా పోతుందట. "ఎండలో కనబడకపోతే నీడలోకి వెళ్ళి చూసుకుంటారమ్మా" అన్నాడు. "సముద్రం మీద నీడ ఎక్కడుంటుంది సార్?" అని అడిగాను. "మీ నాన్న మన కస్టమరు కాదు కదా" అన్నాడు.

మీ దగ్గరున్న రెండూ ఉత్త నమూనాలు. డాక్టరు చెప్పిన హద్దులు ఎక్కించి, నీళ్ళు చొరకుండా మూసి పంపేది ఒక్కటే. మూశాక డయలు మార్చడం కుదరదు. అందుకే బతిమాలుతున్నాను. కోప్పడకండి, నాకు కావలసింది మీ అభిప్రాయం కాదు. నాన్న నోట వచ్చిన మాట. ఒక్క అక్షరం మార్చకుండా రాయండి.

ఎండు ఆక్టోపస్ పంపుతానన్నారు, పంపలేదు. ఇది ఫిర్యాదు కాదు, గుర్తు చేయడం.

మీ
విదాద్

*

అతాయా, ఏప్రిల్ 19

విదాద్‌కు,

నా అభిప్రాయం అక్కర్లేదన్నందుకు కోపం రాలేదు. పత్రికలో మా ఎడిటరు కూడా అదే అనేవాడు. ఆయన సంపాదకీయంలో "ప్రజలు" అన్న మాట ఎక్కడ పడినా అచ్చుతప్పు ఉండేది. నేను దిద్దేవాడిని. ఆయన పోయినప్పుడు ఎంత స్వచ్ఛమైన భాష రాసేవారో అని అందరూ పొగిడారు. నేను వెనక వరసలో కూర్చుని విన్నాను.

ఇక మీ నాన్న సంగతి. నేను మనిషి చేత పంపిన నీ నమూనాలు రెండూ ఆయన చెరొక చేతికి కట్టుకుని తిరుగుతున్నాడు. రేవంతా నవ్వులు. "ఖ్మైసన్నా, కుడి చేతికి ఎంతయింది? ఎడమ చేతికి ఎంతయింది?" అంటే, "కుడి చేతికి నీ అప్పు తీర్చే వేళయింది, ఎడమ చేతికి నువ్వు నోరు మూసుకునే వేళయింది" అంటున్నాడు. అలా ఓ వారం సముద్రానికి వెళ్ళొచ్చాడు, చేపలు పట్టడానికి నీళ్ళలో ఈతమట్టలు పాతి కట్టిన దడిని సరిచేస్తూ రెండూ చూసుకున్నాడు.

నిన్న రేవులో అల్లూష్ కాఫీ కొట్టుకు వెళ్ళాను. మీ నాన్న అక్కడే ఉన్నాడు. నేను అల్లూష్‌తో అన్నాను: "అల్లూష్, ఆ పెద్దమనిషిని అడుగు. ఏ డయలు మీద అంకె కనబడుతోందట?"

అల్లూష్ గ్లాసు తుడుస్తూ, "అడగనక్కర్లేదండీ, ఆయన చెవులు బాగానే పనిచేస్తాయి" అన్నాడు.

మీ నాన్న నా వైపు చూడకుండా అన్నాడు: "అల్లూష్, ఆ చదువుకున్నాయనకు చెప్పు. తెల్లది. తెల్లదే కనబడుతోంది. అమ్మాయికి అంతే రాయమను. సొంత కవిత్వం కలపొద్దని కూడా చెప్పు."

అల్లూష్ నా వైపు తిరిగి, "తెల్లదట. కవిత్వం వద్దట" అన్నాడు. ఈ దీవిలో పోస్టాఫీసు కంటే వాడే నయం.

ఇదీ మాట. "తెల్లది." ఒక్క అక్షరం మార్చలేదు. కవిత్వమూ కలపలేదు.

ఆక్టోపస్ మేడ మీద ఆరుతోంది. పిల్లి కాపలా కాస్తోంది. పిల్లికి నేను కాపలా కాస్తున్నాను.

నీ పెదనాన్న
తిజానీ

*

బిజెర్త్, మే 2

పెదనాన్న గారికి,

నాన్న మాట అందింది, అర్థమైంది కూడా. చదువుతుంటే ఇంట్లో ఉన్నట్టే అనిపించింది. మేనేజరుతో పోట్లాడే పని కూడా తప్పింది.

వాచీ సిద్ధం చేశాను. డాక్టరు హద్దులు ఎక్కించాను, మూసి నీళ్ళలో ముంచి కూడా చూశాను. రేపటి పోస్టులో పంపుతున్నాను. నమూనాలు నా దగ్గరికి తిప్పి పంపండి, లెక్క చెప్పాలి. పని ఒత్తిడిలో ఉన్నాను, మన్నించండి.

నాన్న చేతికి మీరే పెట్టరూ?

మీ
విదాద్

*

అతాయా, మే 11

విదాద్,

నేను పెట్టలేదు. అల్లూష్ పెట్టాడు. పెట్టెలోంచి తీస్తున్నప్పుడు నేను అక్కడే ఉన్నాను. నల్లది!

నేను "తెల్లది" అని రాశాను. నా అక్షరం గుండ్రంగా ఉంటుంది, ఎవరూ ఎప్పుడూ మరోలా చదవలేదు. మీ మేనేజరుకు నల్లదే కావాలని నువ్వే రాశావు. తర్వాత ఉత్తరంలో పోట్లాడే పని తప్పిందని రాశావు. ఎలా తప్పిందో ఇప్పుడు తెలిసింది. మీ నాన్న మీ కస్టమరు కాదు. ఆ సంగతి నీకూ ఒంటబట్టింది.

ఇంతకు ముందు ఎవరి విషయంలోనూ నేను తప్పు పట్టలేదని నీకు తెలుసు. నవ్వకు. నీ విషయంలో ఇంతకు ముందు పట్టలేదు.

మీ నాన్న ఏమన్నాడో చెప్పనా? వాచీ చూశాడు. ఒక్క క్షణం ఆగాడు. "నా కూతురు పంపింది" అని చెయ్యి చాపాడు. అంతే. నిన్న సముద్రం మీద నుంచి వస్తుంటే రేవు గోడ మీద కూర్చుని చూశాను. మణికట్టు అటు తిప్పుతున్నాడు, ఇటు తిప్పుతున్నాడు, టోపీ తీసి దాని మీద గొడుగు పడుతున్నాడు. ఎవరో "ఏమైందన్నా?" అంటే, "అంతా బాగుంది" అన్నాడు.

ఆక్టోపస్ ఈ ఉత్తరంతో పాటు పంపుతున్నాను. మాట ఇచ్చాను కాబట్టి.

తిజానీ

*

బిజెర్త్, మే 17

పెదనాన్న గారికి,

మీ ఉత్తరం మడిచి జేబులో పెట్టుకుని మూడు పూటలా చదివాను. ఆ మేనేజరు మాటకు నేను మా నాన్న కళ్ళు తాకట్టు పెడతానని మీరు అనుకోగలిగారు. సరే.

మీరు ఏడు పదులు దాటినవారు. మన దీవిలోనే పుట్టారు. కానీ బతుకంతా టునిస్‌లో గడిపారు. పడవ వాళ్ళింట్లో పెరగడం ఎలా ఉంటుందో మీరు పుస్తకాల్లో చదివి ఉంటారు, నేను పెరిగాను. పొద్దున పూట నాన్న నోటి నుంచి "నల్లది" అన్న మాట రాదు. ఎప్పుడూ రాలేదు. సముద్రానికి పోయే మనిషి ఆ మాట అంటే రోజంతా చెడుతుంది. బొగ్గుల బస్తా కావాలంటే "ఆ తెల్లటి సంచీ అందుకో" అంటాడు. మన నల్లమేకను "తెల్లమ్మా, రా" అని పిలిచేవాడు. బడిలో టీచరు బొగ్గు బొమ్మ చూపించి ఏ రంగని అడిగితే నేను తెలుపని చెప్పి గోడ కుర్చీ వేశాను. ఆ రోజు ఇంటికొచ్చి ఏడిస్తే, రంగుల పేర్లు మళ్ళీ కొత్తగా నేర్పింది సెలవుకు వచ్చి ఉన్న మీరే. అది కూడా మరిచారా?

రేవులో కాఫీ కొట్టు అని రాశారు. పడవలు తీసే ముందు తెల్లారుజామున అందరూ అక్కడే కదా చేరేది! అక్కడ నిలబడి నాన్న "తెల్లది" అన్నాడంటే నల్లదనే. మీకు అర్థం కాలేదు, నాకు అర్థమైంది. ఎంత గర్వపడ్డానో తెలుసా? ఇంత దూరం వచ్చినా నాన్న భాష మరిచిపోలేదని.

ఆయన గొడుగు పట్టుకుంటే కొత్త కాబట్టి. అలవాటు పడతాడు. ఆక్టోపస్ బాగుంది. ఉప్పు ఎక్కువైంది.

విదాద్

*

అతాయా, మే 28

విదాద్ తల్లీ,

మీ నాన్నను నిన్న ఇంటికి తెచ్చాం. నడుస్తున్నాడు, తింటున్నాడు, అల్లూష్‌ను తిడుతున్నాడు. నువ్వు స్ఫాక్స్ ఆసుపత్రికి వచ్చి వెళ్ళావు. మనిద్దరం ఒకే వరండాలో చెరో బెంచీ మీద కూర్చున్నాం, మాట్లాడుకోలేదు. మన ఇంటి రక్తం గొప్పది. నీ సెలవు అయిపోయి నువ్వు వెళ్ళాక జరిగింది రాస్తున్నాను.

ముందు సముద్రం మీద ఏమైందో ఆయన నీకు పూర్తిగా చెప్పి ఉండడు. దడి దగ్గర నీళ్ళలో నిలబడి వల లాగుతున్నాడు. వాచీ వణికింది. చూశాడు. తెరలో ఆకాశం, టోపీ, తన గడ్డం కనబడ్డాయి. అంకె కనబడలేదు. చిన్నదే అయి ఉంటుందిలే అనుకుని లాగాడు. మళ్ళీ వణికింది. మళ్ళీ అంతే. మూడోసారి ఆయన చూడలేదు. పక్క దడివాళ్ళు చూసి పడవలోకి ఎత్తారు.

ఆసుపత్రిలో నువ్వు వెళ్ళిన సాయంత్రం నర్సు మందులిస్తుంటే అడిగాను: "అమ్మా, ఆ మంచం మీది పెద్దమనిషిని ఒక మాట అడుగు. ఆ రోజు కొట్టులో తెల్లది అన్నాడు కదా, ఆయన ఉద్దేశం తెలుపా నలుపా?"

ఆ పిల్ల మా ఇద్దరి వైపూ చూసి, "మీరిద్దరూ అన్నదమ్ములు కారా?" అంది.

మీ నాన్న కళ్ళు మూసుకునే అన్నాడు: "చెప్పమ్మా ఆయనకు. తెల్లది అంటే తెల్లదే. సాయంత్రం పూట ఎవడికి భయం? ఆయన పొద్దున కూడా వచ్చాడు కొట్టుకు. అప్పుడు నేను నోరు విప్పలేదు. అప్పుడు చెప్తే అమ్మాయి ఎటు తీసుకుంటదో అని. పడవలన్నీ తిరిగొచ్చి, వలలు ఆరేసుకున్నాక, మనసారా పేరు పెట్టి చెప్పినా. అది ఫ్యాక్టరీలో పనిచేసే పిల్ల. దానికి తేట మాట కావాలి."

తల్లీ, నువ్వు ఆయన భాష మరిచిపోలేదు. ఆయన నీ కోసం ఆ భాష ఒక పూట పక్కన పెట్టాడు. మధ్యలో నేనున్నాను. ఉత్తరం మీద తేదీ వేశాను, మాటకు మాట దించాను, సాయంత్రం అసర్ నమాజు అయ్యాక చెప్పాడన్న ముక్క రాయలేదు. పక్కవాడి పేరాల్లో ఇలాంటి లోపాలు పట్టుకునే జీతం తిన్నాను.

తర్వాత నర్సు తనంతట తనే అడిగింది: "మరి నల్లది వచ్చినప్పుడు మార్చమని అడగలేదేం తాతా?"

"నా కూతురు పంపింది. అది తప్పెందుకు పంపుద్ది? నా కళ్ళే పోయినయి అనుకున్నా" అన్నాడు.

ఆ పిల్ల మందుల ట్రే పట్టుకుని బయటికి వెళ్ళిపోయింది. నేనూ కిటికీ దగ్గరికి వెళ్ళాను. బయట చూడదగ్గదేమీ లేదు.

ఇప్పుడు నా అభిప్రాయం రాస్తాను, నువ్వు అడగకపోయినా. తెల్లది కూడా ఆయనకు చాలదు. రెండింటిలో అదే నయమన్నాడు, అంతే. పత్రికలో వేసవి కాలం మా గదిలో ఉక్కపోతకు వీధి అరుగు మీద కూర్చుని ప్రూఫులు చూసేవాళ్ళం. ఎండ నేరుగా కాగితం మీద పడేది. నున్నటి తెల్ల కాగితం మీద తీసినవి చూస్తే గంటలో కళ్ళ నీళ్ళు కారేవి. మామూలు పత్రికా కాగితం, ఆ గరుకుది, మాసిన గోధుమపిండి రంగుది, దాని మీద లావు నల్ల అక్షరాలైతే సాయంత్రం దాకా చదివేవాడిని. మెరిసే కాగితం రాజుల పెళ్ళిపత్రికలకు. చదవడానికి మాత్రం మాసిన కాగితమే. మీ మీటరు ఏమంటుందో కనుక్కో.

నీ మేనేజరు విషయంలో నేను రాసిన మాటలు కొట్టేస్తున్నాను. ఆ మనిషి మీద రాసినవి కాదు, నీ మీద రాసినవి.

నీ పెదనాన్న
తిజానీ

*

బిజెర్త్, జూన్ 6

పెదనాన్నా,

"నా కళ్ళే పోయినయి అనుకున్నా." ఈ వాక్యం మీరు రాయకుండా ఉండాల్సింది. రాసి మంచి పని చేశారు. రెండూ నిజమే.

మీ ఉత్తరం తీసుకుని నేరుగా రంగుల గదికి వెళ్ళాను. అక్కడి ఆవిడతో "మాసిన గోధుమపిండి రంగు కావాలి, మెరుపు ఉండకూడదు" అన్నాను. "ఇంటి దగ్గర రొట్టెలు చేసుకుంటావా, వాచీలు చేస్తావా?" అంది. అయినా చేసి పెట్టింది. తెర వెనక పొర కూడా అదే రంగు. అంకెలు నల్లవి, లావువి. ముల్లు తెర మీదికి వచ్చినప్పుడు అంకె పక్కకు జరిగేలా ప్రోగ్రాం రాయించాను. గాజుకు అద్దం కాకుండా పూత వేయించాను.

మేడ మీదికి మూడూ తీసుకెళ్ళాం. మీటరు మీ కాగితం వైపే ఉంది పెదనాన్నా. నల్లదాని కంటే చాలా, తెల్లదాని కంటే కొంచెం. మేనేజరు వచ్చి చూసి, "ఇదేంటమ్మా, కొనక ముందే మురికి పట్టినట్టుంది?" అన్నాడు. "చదవండి సార్" అన్నాను. చదివాడు. నల్లది చూపించాను. ఎండకు చెయ్యి అడ్డం పెట్టుకోబోయి, మధ్యలో ఆపి, నా ముఖం చూశాడు. ఒకటి నాన్న కోసం తీసుకెళ్ళనిచ్చాడు, ఈ ఉత్తరంతో పంపుతున్నాను. దీన్ని అమ్మడం మాత్రం వాళ్ళ వల్ల కాదట.

కానీ మేడ సముద్రం కాదు. మీటరు నాన్న కాదు. నాన్నను అడిగితే బాగుందనే అంటాడు, కూతురు పంపింది కదా. ఈసారి నాకు మాట వద్దు. ఏ పూట మాటైనా వద్దు. మీరు ఆయనతో పడవలో వెళ్ళి, దడి దగ్గర, మధ్యాహ్నం, ఆయన నిజంగా చదువుతున్నాడో లేదో మీ కళ్ళతో చూడాలి. కనబడలేదంటే ఆయన్ని నేను ఒడ్డునే కట్టేయిస్తాను, ఆయన నన్ను తిట్టుకున్నా సరే. కనబడిందంటే వచ్చే వేట కాలానికి వెళ్ళనిస్తాను. మీ ఉత్తరం మీద ఆధారపడి ఉంది.

మీరు నానమ్మ పోయాక ఆయన పడవ ఎక్కలేదని తెలుసు. అందుకే అడగడానికి రెండు రోజులు ఆలోచించాను. అడుగుతున్నాను.

మీ
విదాద్

*

అతాయా, జూన్ 16

విదాద్ తల్లీ,

వెళ్ళాను. ఇంకో వారంలో వేట కాలం ముగిసి దడులు పీకేస్తారు, అందుకని ఆలస్యం చేయలేదు. ఎక్కేటప్పుడు నాకు చెయ్యి అందించింది మీ నాన్నే. పడవ అటూ ఇటూ ఊగింది. రేవులో ఎవడో "తిజానీ గారూ, పుస్తకం తెచ్చుకున్నారా మునిగితే చదువుకోడానికి?" అన్నాడు. ఆ మనిషి పేరు నాకు తెలుసు. మరిచిపోను.

వెళ్ళేదారంతా మాటల్లేవు. మధ్యలో చెప్పి పంపడానికి అల్లూష్ లేడు. నేను సముద్రంతో అన్నాను, "ఇటు ఎండ కొడుతోంది" అని. ఆయన తెరచాపతో అన్నాడు, "ఆ పక్కకు జరిగి కూర్చుంటే కొట్టదు" అని. జరిగాను.

దడి దగ్గర లంగరు వేశాడు. నీళ్ళు, ఆకాశం, ఎండ ఒకటే ముద్దగా ఉన్నాయి. నా కళ్ళజోడు ఎండకు నల్లబడేదే అయినా కళ్ళు నొప్పెట్టాయి. మీ నాన్న చెయ్యి బారజాపి వాచీ చూసి అంకె చెప్పాడు. నేను వంగి చూశాను. సరిపోయింది. ఇంకోసారి చెప్పాడు, సరిపోయింది. కానీ నాకు అనుమానం వదల్లేదు. గుండె ఆయనది. ఎంత కొట్టుకుంటోందో ఆయనకు అలవాటు మీద తెలుస్తుంది. ఊహించి చెప్తున్నాడేమో! నా ముఖం చూసే కనిపెట్టాడు.

వాచీ విప్పి నా చేతికి కట్టాడు. "నా లెక్క నేనే చెప్తే నమ్మవు. నీ లెక్క నాకు తెలవదు. నువ్వు పెట్టుకో, నేను అటు కూర్చుని చదువుతా, నువ్వు సరిచూసుకో. అదే కదా నీ ఉద్యోగం."

నేరుగా అన్నాడు. "నువ్వు" అని. ఇన్నేళ్ళ తర్వాత మొదటి మాట అది. నేనేమన్నానో తెలుసా? మంచి మాటేదైనా అని ఉండవచ్చు. నోటికి వచ్చింది మాత్రం ఇన్నేళ్ళుగా అక్కడే కాచుకుని కూర్చున్నది: "ఆ మధ్యాహ్నం ఓడ దాకా ఎందుకాగలేదురా?"

ఆయన ఎదురు పలక మీద కూర్చున్నాడు.

"అమ్మే వద్దంది" అన్నాడు. "జబ్బుకి ముఖమంతా ఉబ్బిపోయింది. ఆమె ముఖంలా లేదు. పొద్దున ప్రాణం పోయేముందు నా చెయ్యి పట్టుకుని చెప్పింది. 'పెద్దోడి కోసం ఆపకు. వాడు చదువుకున్నోడు. ఒకసారి చూసింది మరిచిపోలేడు. నన్ను ఇట్ల చూడనీకు' అని."

"ఇన్నాళ్ళూ చెప్పలేదేం?"

"నువ్వు నన్నడిగినావా? 'అల్లూష్, ఆ పెద్దమనిషిని అడుగు' అన్నావు. అల్లూష్‌కి చెప్పనా మా అమ్మ ముఖం ఎట్లుందో?"

తల్లీ, నాకు చాలా పుస్తకాలు వచ్చు. ఆ క్షణంలో వాటిలో ఒక్క వాక్యం పనికిరాలేదు. అమ్మ ముఖం ఎలా ఉండేదో గుర్తు చేసుకున్నాను. గుర్తొచ్చింది. నవ్వుతూ, తలుపు పక్కన నిలబడి, నేను చివరిసారి సెలవు ముగించుకుని బయలుదేరినప్పటిది. ఇంకే ముఖమూ లేదు, ఆ ఒక్కటే ఉంది. దాన్ని నా కోసం అలాగే ఉంచినందుకు నా తమ్ముడితో ఇన్నేళ్ళు పగ పట్టాను.

అప్పుడు నా చేతి మీద వాచీ వణికింది.

నేను చూడలేదు. చూసే స్థితిలో లేను, కళ్ళజోడు తీసి చేతిలో పట్టుకున్నాను. ఎదురు పలక మీద నుంచి మీ నాన్న ముందుకు వంగలేదు, చెయ్యి అడ్డం పెట్టుకోలేదు, టోపీ తీయలేదు. కూర్చున్నచోటి నుంచే చూసి అన్నాడు:

"నూట పద్నాలుగు. అన్నా, కూర్చో."

"కూర్చునే ఉన్నాను కదరా."

"అయితే పడుకో" అన్నాడు.

కళ్ళజోడు పెట్టుకుని సరిచూశాను. నూట పద్నాలుగే. చివరి నాలుగు అంకె కొస కూడా తేటగా ఉంది. మిట్టమధ్యాహ్నం, నీడ లేని చోట, పడవ ఊగుతుండగా, తలకిందులుగా ఉన్న డయలు మీద. వచ్చే కాలానికి మీ నాన్నను వెళ్ళనివ్వవచ్చు. కంపెనీకి రాసుకోవాలంటే ఇలా రాసుకో: అంకె నాది, చదివింది మీ నాన్న.

తిరిగి వచ్చేటప్పుడు పడవలో నన్ను పడుకోబెట్టే తెచ్చాడు. రేవులో అందరూ చూశారు. చూడనీ.

పెదనాన్న, నాన్నల ఆశీస్సులు. నాన్నది ఆయన చెప్పమన్నాడు, నాతోనే.

తిజానీ